చలికాలంలో రాజమండ్రి: కారు మాట్లాడకుండా మూడు రోజులు

మా ఇంటికి హైదరాబాద్ నుంచి ఎవరు బయల్దేరినా ఫోన్‌లో ముందు అడిగేది ఒకటే. "కారు రోజుకి ఎంతవుతుంది బావా?" నేను ఆ సంగతి పక్కన పెట్టి పంటు గురించి చెబుతాను. పంటంటే బల్లపరుపుగా ఉండే పెద్ద పడవ. మనుషులు, మోటార్ సైకిళ్లు, పాలక్యాన్లు, మేకలు, ఒక్కోసారి కార్లు కూడా దాని మీదే గోదావరి పాయ దాటతాయి. రూము మీద, తిండి మీద మీరెంత పీనాసితనం చేసినా ఒక్కరోజు కారు అద్దె ఆ మిగులంతా మింగేస్తుంది. కారు మానేస్తే మిగతా ఖర్చులు వాటంతట అవే దారిలోకి వస్తాయి. అందుకే ఇక్కడ చెప్పేదంతా రైలు, బస్సు, షేర్ ఆటో, పంటు, కాలినడక లెక్కలోనే.

ముందు తేదీ తేల్చుకోండి

డబ్బు మిగిలేదీ పోయేదీ ఇక్కడే. జనవరి 10 నుంచి 18 దాకా క్యాలెండర్‌లో కొట్టేయండి. సంక్రాంతికి ఊళ్లన్నీ నిండిపోతాయి, రైళ్లలో వెయిటింగ్ లిస్టు కొండవీటి చాంతాడంత ఉంటుంది, లాడ్జీల వాళ్లు నోటికొచ్చిన రేటు చెబుతారు. ఇక్కడ చుట్టాలుంటే మాత్రం మొహమాటపడకుండా పండక్కే రండి. అరిసెలు, పడక, పెరుగన్నం అన్నీ వాళ్ల మీదే. కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటలో ప్రభల తీర్థం కూడా చూడొచ్చు. ప్రభంటే వెదురుతో కట్టి రంగు గుడ్డలతో అలంకరించి, దేవుణ్ని పెట్టి ఊరేగించే చట్రం. పదకొండు ఊళ్ల ప్రభలు ఏకాదశ రుద్రులుగా ఒకచోట చేరతాయి. కోడిపందేల బరుల వైపు మాత్రం వెళ్లకండి. అది చట్టానికీ విరుద్ధం, జేబుకీ విరుద్ధం.

కార్తీక మాసం సోమవారాలు కూడా వద్దు. ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం, సామర్లకోట నాలుగూ పంచారామాలే కాబట్టి ఆ రోజుల్లో బస్సులో నిలబడే చోటు కూడా దొరకదు.

మిగిలినవి రెండు కాలాలు. కార్తీకం అయిపోయాక క్రిస్మస్ రద్దీ మొదలయ్యేలోపు ఒకటి. సంక్రాంతి చుట్టాలు సర్దుకుని వెళ్లిపోయాక, ఫిబ్రవరి నెలాఖరు దాకా రెండోది. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. డిసెంబరులో వచ్చి "ఫొటోల్లో చూసిన పచ్చదనం ఏదీ?" అని అడిగేవాళ్లు చాలామంది. అప్పటికి సార్వా, అంటే వానాకాలపు వరి, కోతలైపోయి ఉంటాయి. చేలో మోళ్లు, కుప్పలు, నూర్పిళ్లు తప్ప ఏముండవు. దాళ్వా, అంటే రెండో పంట, నాట్లు పడి చేలు పచ్చబడాలంటే జనవరి చివరికో ఫిబ్రవరికో రావాలి. నాకైతే నూర్పిళ్ల కాలమే ఇష్టం, ఊరంతా కొత్త గడ్డి వాసనేస్తుంది. పచ్చదనమే కావాలంటే రెండో కాలం ఎంచుకోండి.

డిసెంబరు నడిమి నుంచి భోగి దాకా ధనుర్మాసం. తెల్లవారకముందే ఏ విష్ణాలయానికి వెళ్లినా దొన్నెలో వేడి పొంగలో దద్దోజనమో పెడతారు. అది ప్రసాదమండీ, టిఫిన్ కాదు. రెండో దొన్నెకి చెయ్యి చాపకండి.

టికెట్టు, రూము

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకి గోదావరి, గౌతమి రెండూ రాత్రి బళ్లే కానీ తేడా ఉంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ మిమ్మల్ని అర్ధరాత్రి ప్లాట్‌ఫారం మీద దించుతుంది, అంటే ఆ రాత్రికి రూము అద్దె కట్టాలి. గౌతమి తెల్లవారుజామున దించుతుంది, బెర్తే మీ రూము. విజయవాడ నుంచైతే పొద్దున్నే రత్నాచల్, విశాఖ నుంచైతే జన్మభూమి ఉన్నాయి. వేళలు మారుతుంటాయి, టికెట్టు తీసేముందు ఒకసారి చూసుకోండి.

రూము గోదావరి స్టేషన్, కోటిపల్లి బస్టాండ్ చుట్టుపక్కల తీసుకోండి. రేవులకి నడిచి వెళ్లొచ్చు. రోజుకి రెండుసార్లు నదికి వెళతారు కాబట్టి ఆ ఆటో డబ్బులు మిగిలినట్టే. రూము రేటు అడిగే ముందు ఈ ప్రశ్న అడగండి: "24 గంటల చెకౌటా, మధ్యాహ్నం 12 చెకౌటా?" పొద్దున అయిదుకి దిగినవాళ్లకి 12 గంటల చెకౌట్ అంటే ఏడు గంటల నిద్రకి ఒక రోజు అద్దె. వేడినీళ్లు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఇస్తారో కూడా అడగండి, చాలా లాడ్జీల్లో అది పొద్దుటి ముచ్చటే. ఒంటరిగా వస్తే రాజమండ్రి స్టేషన్‌లోనే రైల్వే రిటైరింగ్ రూములున్నాయి. మీ టికెట్టు పీఎన్ఆర్ మీద ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మా దగ్గర చలంటే శాలువా చలి, స్వెట్టర్లు మూట కట్టుకుని రాకండి. దోమలకి రాసుకునే క్రీము మాత్రం మర్చిపోవద్దు. కాలవల దేశం, సాయంత్రం ఆరయ్యేసరికి వాటి రాజ్యం మొదలవుతుంది. ఆడవాళ్లు ఆధార్ కార్డు చేతిసంచిలోనే పెట్టుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆంధ్రప్రదేశ్ మహిళలకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బులు లేవు. ఇక్కడ చెప్పే దారులన్నీ దాదాపు ఆ బస్సులవే. తెలంగాణ కార్డున్న మా మరదలు పక్క సీట్లో టికెట్టు కొట్టించుకుని దారంతా మూతి ముడుచుకుంది.

మొదటి రోజు: ఊరు, నడక

దిగగానే మంచం ఎక్కకండి. సామాను పడేసి శాలువా కప్పుకుని పుష్కరాల రేవుకి నడవండి. డిసెంబరులో ఆరున్నరకి గానీ సూర్యుడు రాడు. ఆ వేళకి గోదావరి మీద మంచు ఎంత దట్టంగా ఉంటుందంటే వంతెన మీద రైలు చప్పుడు వినిపిస్తుంది కానీ రైలు కనపడదు. మంచు విడుస్తుంటే ఆర్చి వంతెన విల్లులు ఒక్కొక్కటే బయటపడతాయి. 1997 నుంచి దాని మీద రైళ్లు తిరుగుతున్నాయి. ఆ ఏడే పాత హేవ్‌లాక్ వంతెన రిటైరైంది, రాతి స్తంభాల మీద ఇంకా అలాగే నిలబడి ఉంది. ఇంకొకటి 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన. కింద రైలు, పైన బస్సు. కొవ్వూరు బస్సెక్కితే టికెట్టు ధరకే గోదావరి అంతటినీ పైనుంచి చూడొచ్చు. లాంచీ షికారు కన్నా నాకదే బాగుంటుంది.

టిఫిన్‌కి పెసరట్టు ఉప్మా. ఉప్మా పెసరట్టు లోపల పెట్టి మడిచి ఇచ్చేచోట తినండి, పక్కన గిన్నెలో పెట్టేచోట కాదు. మరీ చేతిలో డబ్బు లెక్కగా ఉంటే అన్న క్యాంటీన్ ఉంది. పొద్దున టిఫినైనా, మధ్యాహ్నం భోజనమైనా, రాత్రి అన్నమైనా పూటకి 5 రూపాయలే. వరసలో నిలబడాలి, అంతే.

ఎండెక్కాక కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు చూడండి. 1881 డిసెంబరు 11న ఆయన తొలి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే. ఆ తర్వాత దామెర్ల రామారావు చిత్రశాల. 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయిన మనిషి, వేసిన బొమ్మల ముందు మాత్రం అరగంట నిలబడిపోతారు. ఇలాంటి చోట్లకి వారపు సెలవుంటుంది, ఏ రోజో లాడ్జీలో అడిగి బయల్దేరండి. మెయిన్ రోడ్డు మీదుగా వెనక్కొస్తూ ఒక గ్లాసు రోజ్‌మిల్క్ తాగండి. చలికాలంలో చల్లటిదేంటి అని అనకండి, మధ్యాహ్నం ఒంటిగంటకి మా దగ్గర చలి ఉండదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఒక కిటుకు. ఇద్దరైతే రెండు ప్లేటు భోజనాలు కాకుండా ఒక భోజనం పార్శిల్ చెప్పండి. పార్శిల్‌లో అన్నం, కూరలు ఎక్కువే కడతారు, ఇద్దరికీ సరిపోతుంది. రూములో అరిటాకు పరుచుకుని తినొచ్చు.

బోర్డు మీద "పులస" కనపడితే మాత్రం ఆగకుండా ముందుకి నడవండి. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు నిజమే, కానీ అది వరద నీటికి ఎదురీదే చేప. శ్రావణ భాద్రపదాల్లో దొరికేది. చలికాలంలో పులస అని వడ్డించేది ఐసుపెట్టెలోదైనా అయ్యుండాలి, సముద్రంలో పట్టిన అదే జాతి చేప విలసైనా అయ్యుండాలి. రేటు మాత్రం పులసదే. చలికాలం మొదట్లో వచ్చే అసలు సిసలు రుచి చీరమీను. ఆవగింజల్లా ఉండే పిల్ల చేపలు, యానాం వైపు గ్లాసుతోనో సేరుతోనో కొలిచి అమ్ముతారు. రేటు వింటే కళ్లు తిరుగుతాయి. ఎవరింట్లోనైనా వండితే రెండు ముద్దలు తినండి, కొనుక్కోవడం మన బడ్జెట్ కాదు.

సాయంత్రం అయిదుకల్లా మళ్లీ రేవులో ఉండండి. అయిదున్నరకే పొద్దు కొవ్వూరు వైపు దిగిపోతుంది. హారతి చూసి, గట్టు మీద వేరుశనక్కాయలు కొనుక్కుని వెనక్కి రండి.

రెండో రోజు: ధవళేశ్వరం, ఆత్రేయపురం

ఇది శనివారం పెట్టుకోకండి. ఈ దారిలోనే వాడపల్లి వెంకన్న గుడి ఉంది. ఏడు శనివారాల మొక్కున్నవాళ్లంతా ఆ రోజే వస్తారు, ఆటో కూడా కదలదు.

ధవళేశ్వరం దాకా షేర్ ఆటో. ముందు కాటన్ మ్యూజియం. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరు చెప్పి గోదావరిలో తర్పణం వదిలేవాళ్లు మా వైపు ఇప్పటికీ ఉన్నారు. ఇప్పుడున్న 175 గేట్ల బ్యారేజీ ఆ తర్వాత కట్టిందే. దాని మీదుగా బస్సులో బొబ్బర్లంక వెళ్లి, అక్కణ్నుంచి ఆత్రేయపురం చేరాలి. కుడి చేతి వైపు నిండుగా నీళ్లు, ఎడమ చేతి వైపు ఇసుక తిన్నెలు. చలికాలంలో నీళ్లన్నీ దాళ్వాకి కాలవల్లోకి మళ్లుతాయి మరి.

ఆత్రేయపురంలో పూతరేకుల దుకాణం ముందు ఆగిపోకండి. వెనక వీధుల్లోకి వెళ్లండి. ఏదో ఒక పంచలో కొబ్బరాకుల పొగ కనపడుతుంది. అక్కడ నిలబడి, "పిన్నిగారూ, కాసేపు చూడొచ్చా అండీ?" అని అడగండి. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి పాలల్లో గుడ్డ ముంచి, రెండు చేతులా పట్టుకుని, కుండ మీద ఒక్కసారి అలా లాగుతారు. చుయ్యిమంటుంది. రెప్పపాటులో తెల్లటి పొర లేస్తుంది, అంచు పట్టుకుని ఒలిచి పక్కన పెడతారు. ఎండలో ఎత్తి చూస్తే అవతలి మనిషి మొహం కనపడుతుంది. మంట ఎక్కువైతే రేకు మాడుతుంది, తగ్గితే ఊడిరాదు. అందుకే ఆవిడ మీ వంక చూడకుండా మాట్లాడుతుంది. కోపమనుకోకండి. ఫొటో తీసే ముందు అడగండి. చూసినందుకు ఏదో ఒకటి అక్కడే కొనండి.

కొనడంలోనూ పద్ధతుంది. నెయ్యి, పంచదార, జీడిపప్పు పెట్టి చుట్టినవి అక్కడ తినడానికి రెండో మూడో చాలు. ఇంటికి మాత్రం ఉత్త రేకులు కట్ట కొనుక్కోండి. చవక, చాలా రోజులు నిలవుంటాయి. ఇంట్లో తడిగుడ్డ మీద రేకు వేసి కొంచెం మెత్తబడ్డాక, మీ నెయ్యి మీరు రాసుకుని, బెల్లం తురుమో పంచదార పొడో చల్లి మడుచుకోవచ్చు. ఒకసారి తొందరలో హైవే పక్కన ఒక కొట్లో అట్టపెట్టెలు నాలుగు కొన్నాను. ఇంటికెళ్లి విప్పితే నెయ్యి వాసన ముక్కిపోయింది, రేకులు పిండి పిండిగా రాలాయి. బిల్లు లేదు, ఎవరినని అడుగుతాను?

వాడపల్లి దర్శనమయ్యాక రావులపాలెం వచ్చేస్తే రాజమండ్రికి ఎక్స్‌ప్రెస్‌లు వస్తూనే ఉంటాయి. ఇంకా పొద్దుంటే దారిలో కడియపులంక దగ్గర దిగి నర్సరీల్లో తిరగండి, ఎవరూ టికెట్టడగరు. చలికాలం కాబట్టి చేమంతి, బంతి విరగబూసి ఉంటాయి. మొక్కలు కొనాలనిపిస్తుంది, కొనకండి. బస్సులో రెండు కుండీలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాణ్ని, చెబుతున్నాను.

మూడో రోజు: పంటెక్కండి

మూడు రోజుల్లో ఒక్కరోజే వీలైతే ఇదే చేయండి. పొద్దున్నే రాజమండ్రి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో, అంటే పెద్ద బస్టాండులో, రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం వెళ్లే బస్సెక్కండి. భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల ఎత్తు, కింద దర్శనం చేసుకుని మెట్లెక్కి పైన మళ్లీ చేసుకోవాలి. పక్కనే మాణిక్యాంబ, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి. గంటన్నర చాలు. అక్కణ్నుంచి కోటిపల్లి దగ్గరే.

కోటిపల్లి రేవులో టికెట్టు తీసుకుని పంటు ముందు భాగంలో నిలబడండి. మోటార్ సైకిళ్లు ఎక్కే హడావుడి అయ్యాక ఇంజను దడదడమంటుంది, గట్టు మెల్లగా వెనక్కి జరుగుతుంది. నీటి కాకులు, ఇసుక దిబ్బలు, అవతల కొబ్బరిచెట్ల గీత. ఈ గౌతమీ పాయ దాటడానికే టూరిస్టు బోటైతే మీ దగ్గర ఎంత వసూలు చేసేవాడో ఆలోచించుకోండి. పొగమంచు బాగా ఉన్న రోజు పంటు ఆలస్యంగా కదులుతుంది, కాబట్టి గుడి ముందు, రేవు తర్వాత. లైఫ్ జాకెట్లుంటే అడిగి వేసుకోండి, సిగ్గేం లేదు.

దిగేది ముక్తేశ్వరంలో. ఆటోలో అయినవిల్లి వినాయకుణ్ని చూసుకుని అమలాపురం చేరండి. దగ్గర్లో అంబాజీపేట ఉంది, పొట్టిక్కలు తినకుండా రాకండి. పనసాకుల్ని పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి ఉడికిస్తారు. ఆకు విప్పుతుంటేనే పనస వాసన. పొట్టిక్కలు పొద్దుటి సరుకు, ఆలస్యంగా వెళితే అయిపోయాయంటారు. వాటి కోసమే వచ్చేవాళ్లు ఈ చక్రాన్ని తిరగేసి, ముందు అంబాజీపేట, చివర కోటిపల్లి పెట్టుకోవచ్చు.

అలా తిరగేస్తే ఒక్క జాగ్రత్త. ఆఖరి పంటు ఎన్నింటికో పొద్దున్నే ఫోన్ చేసైనా కనుక్కోండి. ఒక డిసెంబరులో ముక్తేశ్వరం రేవుకి నేను చేరేసరికి చీకటి పడింది. అవతలి గట్టున కోటిపల్లి దీపాలు కనపడుతున్నాయి, పిలిస్తే పలికేలా ఉన్నాయి. పంటు మాత్రం అటు గట్టునే కట్టేసి ఉంది. రేవు దగ్గర టీ కొట్టు తాత, "ఇంక పొద్దున్నేనండి, ఆయ్" అన్నాడు. ఆటో మాట్లాడుకుని రావులపాలెం చుట్టి రావాల్సి వచ్చింది. ఆ ఒక్క ఆటోకి అయిన డబ్బుతో మూడు రోజులు బస్సుల్లో తిరగొచ్చు.

ఆ "ఆయ్" అంటే మీకు కోపం రాకూడదు. మా వైపు "ఔనండి" అనే మాటకి అది పొట్టి రూపం, మర్యాదే. బేరమాడేటప్పుడు కూడా ఇదే పనికొస్తుంది. "ఎంతకిస్తావ్?" అంటే ఒక రేటు, "బాబాయ్‌గారూ, ఎంతండీ?" అంటే ఇంకో రేటు. షేర్ ఆటో ఎక్కేముందు షేరింగా, మొత్తం బండా అన్నది మాత్రం గట్టిగా తేల్చుకోండి. ఖాళీ ఆటోలో మీరొక్కరే ఎక్కితే దిగేటప్పుడు "స్పెషల్ కదండీ" అంటాడు.

అమలాపురం నుంచి కొత్తపేట, రావులపాలెం మీదుగా రాజమండ్రి బస్సు. గుళ్లలో నిత్యాన్నదానం ఉన్నచోట మధ్యాహ్నం భోజనం అక్కడే కానివ్వండి, హుండీలో తోచింది వేయండి.

పాపికొండల మాటేమిటి అంటారా? ఒక్కరోజు బోటు టికెట్టే ఈ మూడు రోజుల తిరుగుడు ఖర్చుకి పోటీ వస్తుంది. జీతం పడ్డ నెల విడిగా పెట్టుకోండి.

రైలు, రూము పోను మనిషికి రోజుకి అయిదువందలు విడిగా తీసి పెట్టుకోమని నేను చెబుతుంటాను. టిఫిన్, భోజనం, బస్సులు, పంటు, ఒక కొబ్బరి బొండం అందులోనే అయిపోతాయి. చిల్లర పది, ఇరవై నోట్లు దగ్గరుంచుకోండి. ఫోన్ పే అన్నిచోట్లా ఉంది కానీ రేవులో సిగ్నల్ ఉండదు.

వెళ్లే రోజు బజార్లో తేగలు కట్ట కొనుక్కోండి. ఇవి చలికాలంలోనే దొరుకుతాయి. పాతరలో మొలిచిన తాటి టెంకల మొలకలు, ఉడికించో కాల్చో అమ్ముతారు. పైపొర ఒలిచి, నిలువుగా చీల్చి, మధ్యలో ఉన్న లేత చందమామని ముందు తినేసి, తర్వాత పీచు తీసుకుంటూ మిగతాది నమలాలి. ఉడికించినవి రెండో రోజుకే జిగురొస్తాయి కాబట్టి రైల్లోనే కానిచ్చేయండి. పూతరేకుల కట్ట మాత్రం బెర్తు కింద తోయకండి, పై బెర్తులో తలవైపు పెట్టుకోండి.